అల్లుడుగారి ఎర్రనీళ్ళు

ఇల్లరికం అన్న మాట మా పెళ్ళిలో ఎవరూ నోటితో అనలేదు. మామగారికి రాయపూర్‌లో రైల్వే క్వార్టరు ఉంది, ఒక్కతే కూతురు. నాకు ఆ ఊరి కాలేజీలోనే కెమిస్ట్రీలో టెంపరరీ డిమాన్‌స్ట్రేటరు పని దొరికింది. ఉద్యోగం ఖాయమయ్యేదాకా ఇక్కడే ఉండండి, తరవాత మీ ఇష్టం, అన్నారు మామగారు. ఉన్నాను. దేశానికి స్వతంత్రం వచ్చింది, ఆ సంబరాలు కూడా అయిపోయాయి, నేను మాత్రం ఆ క్వార్టర్లోనే ఉన్నాను. మంచం మామగారిది, కాలేజీకి తొక్కే సైకిలు మామగారిది. కాలనీలో కొత్తవాళ్ళెవరైనా ఎక్కడుంటారని అడిగితే క్వార్టరు నంబరు చెప్పేవాణ్ణి గాని, అది ఎవరి పేరు మీద ఉందో చెప్పేవాణ్ణి కాదు. చెప్పకపోయినా అందరికీ తెలుసు. చాకలికి కూడా తెలుసు.

అప్పట్లో నాకు కోపం ముక్కు మీద ఉండేది. పరాయి ఇంట్లో కోపం చూపించడానికి చోటుండదు కాబట్టి దాన్ని మింగి, మౌనంగా తిరిగేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు దాన్ని గాంభీర్యం అనుకునేవారు. బాగా చదువుకున్నవాడు కదా అని సరిపెట్టుకునేవారు.

మామగారి వాళ్ళది విజయనగరం వైపు. వాళ్ళ కుటుంబంలో అత్తగారు అల్లుడి ఎదట పడరు, అల్లుడితో నేరుగా మాట్లాడరు. నేను భోజనానికి కూర్చుంటే వంటింటి తలుపు చాటునుంచి, బాబుకి ఇంకాస్త కూర వెయ్యవే అని కూతురితో అనేవారు. నాకు వినిపించేది. చాలని చెప్పు అని నేను నా భార్యతో అనేవాణ్ణి. ఆవిడకీ వినిపించేది. మధ్యలో నా భార్య గరిటె పట్టుకుని అటూ ఇటూ చూసేది. అన్నాళ్ళు ఒకే కప్పు కింద ఉన్నా అత్తగారి గాజుల చప్పుడు, దగ్గు, పసుపు రాసిన పాదాలు తెలుసు గాని నాకు ఆవిడ ముఖం సరిగ్గా తెలియదు. దీన్ని మర్యాద అంటారు. నిజం చెప్పాలంటే నాకది సుఖంగానే ఉండేది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకుండా తిని లేచిపోవచ్చు.

ఆ ఏడు కాలేజీలో ఒక్క పోస్టు పర్మనెంటు చేస్తామన్నారు. నేనూ, నాతోపాటే చేరిన స్థానికుడు ఒకాయనా, ఇద్దరం ఉన్నాం. కమిటీవాళ్ళు వచ్చి కూర్చుంటారు, చెరొక ప్రయోగం చేసి చూపించాలి. పోస్టు వస్తే అద్దె ఇల్లు తీసుకోవచ్చు. నాకు కావలసింది ఆ ఇల్లే. గుఢియారీలో రైలు పట్టాలకు ఇవతల రెండు గదుల ఇల్లొకటి చూసి పెట్టుకున్నాను కూడా. మా పేరున, మా తాళం వేసుకునే ఇల్లు.

నేను ఎంచుకున్నది కొల్లాయిడ్ ప్రయోగం. మరిగే నీళ్ళలో ఫెర్రిక్ క్లోరైడు బొట్టు బొట్టుగా వేస్తే నీళ్ళు చిక్కటి ఎరుపుకు తిరుగుతాయి. చూసినవాళ్ళు రంగు కరిగిందనుకుంటారు. కరగలేదు. అది ఒకరకం ఇనుప తుప్పే, కంటికి ఆననంత సన్నటి కణాలుగా నీళ్ళ నిండా తేలుతూ ఉంటుంది. మామూలు బురదైతే పూటలో అడుక్కి దిగిపోతుంది. ఇది నెలలు గడిచినా దిగదు. ప్రతి కణం మీదా ధనావేశం ఉండడమే దీనికి కారణం. ఒకటి దగ్గరికొస్తే రెండోది నెట్టేస్తుంది. ఏదీ దేనికీ అంటుకోదు, కాబట్టి ఏదీ బరువెక్కి మునగదు. యు ఆకారపు గాజు గొట్టం అడుగున ఈ ఎర్రటి ద్రవం పోసి, పైన రెండు వైపులా తేట నీళ్ళు నిలిపి, బ్యాటరీ తీగలు ముంచితే, ఎరుపు మొత్తం రుణధ్రువం వైపు నడుస్తుంది. ఒక కాలులో గీత దిగుతుంది, రెండో కాలులో ఎక్కుతుంది. కంటికి కనిపించని కణాల మీద ఆవేశం ఉందని కంటితో చూపించే ప్రయోగం ఇది. కుర్రవాళ్ళు నోరు తెరిచి చూస్తారు.

దీనికి ఒక చిక్కు ఉంది. తయారైన ద్రవంలో ఆమ్లమూ, క్లోరైడూ మిగిలిపోతాయి. వాటిని తీసెయ్యాలంటే ద్రవాన్ని పార్చిమెంటు కాగితపు సంచిలో పోసి, సంచిని డిస్టిల్డ్ వాటరులో వేలాడదీయాలి. కణాలు కాగితాన్ని దాటలేవు, చిన్నచిన్న లవణాలు దాటి బయటి నీళ్ళలోకి వచ్చేస్తాయి. ఆ నీళ్ళు పొద్దునా సాయంత్రం మారుస్తూ పోవాలి. కాలేజీలో డిస్టిల్డ్ వాటరు అంతంత మాత్రం, సాయంత్రం గది తాళం వేసేస్తారు. మామగారు రైలు పెట్టెల దీపాలకు కావలసిన బ్యాటరీల గదిలో పనిచేసేవారు. అక్కడ డిస్టిల్డ్ వాటరుకు కొదవలేదు. ఫోర్‌మన్‌ని అడిగి డబ్బాతో తెచ్చిపెడతానన్నారు. ఆఖరికి నీళ్ళు కూడా మామగారివేనా అని మనసులో పళ్ళు కొరికి, సరేనన్నాను.

అలా వెనక వరండాలో ఒక గాజు తొట్టి, దాని మీద అడ్డకర్ర, కర్రకు వేలాడే సంచి వెలిశాయి. ఎందుకు వేలాడదీశారని నా భార్య అడిగింది. శుభ్రం కావడానికి అన్నాను. అంతే అన్నాను. కాలేజీలో ఇదే విషయం గంటసేపు బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఇంటికొస్తే నా నోరు పెగిలేది కాదు. చెబితే వీళ్ళకేం అర్థమవుతుందన్న పొగరు కొంత. చెప్పడం మొదలుపెడితే ఈ ఇంట్లో నేను కూడా ఒకణ్ణైపోతానన్న భయం కొంత.

ఒకనాటి పొద్దున్న సీసాలో కొంచెం ద్రవం పలచగా కలిపి వరండా గోడ మీద పెట్టాను. పెంకుల సందులోంచి వచ్చిన ఎండ దాంట్లోంచి పోతుంటే వెలుగు దారి సీసా లోపల తళతళా కనిపించింది. మామూలు నీళ్ళలో అలా కనిపించదు, కణాలున్నచోటే వెలుగు చెదిరి దారి చూపిస్తుంది. నా భార్య ముచ్చటపడి పక్క క్వార్టరు ఛత్తీస్‌గఢీ ఆవిణ్ణి పిలిచింది. ఆవిడ ఇంకొకరిని పిలిచింది. నేను కాలేజీకి వెళ్ళిన తరవాత ఆ వరస క్వార్టర్ల ఆడవాళ్ళందరూ వచ్చి అల్లుడుగారి ఎర్రనీళ్ళు చూసి వెళ్ళారట. ఇంత అందమైన నీళ్ళు పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదని, ఇక నీ అల్లుడికి ఉద్యోగం ఖాయమేనని అత్తగారితో అన్నారట. ఇవన్నీ నాకు తరవాత తెలిసిన సంగతులు.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే సంచి విప్పి ద్రవాన్ని ముదురు రంగు సీసాలోకి వంపుకున్నాను. చిక్కటి కషాయంలా ఉంది, ఎప్పుడూ ఉండేట్టే. గుడ్డలో చుట్టి, తొట్టి నీళ్ళు పారబొయ్యకుండానే సైకిలెక్కాను. తలుపు చాటున గాజులు కదిలాయి. బయల్దేరేటప్పుడు ఎదురు రావడానికి కూతుర్ని పంపినట్టున్నారు.

నా వంతు మధ్యాహ్నం వచ్చింది. ఆవేశాల గురించి హిందీలో బాగానే చెప్పాను. నా హిందీలో తెలుగు యాస వినిపించిన చోట కమిటీలో ఒక పెద్దమనిషి కనుబొమలు ఎగరేస్తున్నాడు, చూడనట్టు ఊరుకున్నాను. సీసా బిరడా తీసి గరాటులోంచి గొట్టంలోకి వంపాను. మొదట పైన తేరిన పసుపు నీళ్ళు దిగాయి. దాని వెనక గోధుమరంగు ముద్దలు జారాయి. గొట్టం అడుగున బురద పేరుకుంది. అప్పటికైనా ఆపాల్సింది. ఆపడానికి ధైర్యం లేక తీగలు తగిలించాను. రెండు వైపులా బుడగలు పొంగాయి, గొట్టం వేడెక్కింది. గీత కదలాలి. అసలు గీతే లేదు. వెనక బెంచీల్లో కుర్రవాళ్ళు ముసిముసిగా నవ్వుతున్నారు. 

మా హెడ్డుగారు మంచివాడు. లేచి వచ్చి, ఆ పసుపు నీళ్ళు కాస్త పరీక్షనాళికలోకి తీసి సిల్వర్ నైట్రేటు చుక్క వేశారు. తెల్లగా విరిగింది. ఉప్పు పడింది, బోలెడంత, అన్నారు. నీళ్ళు ఎక్కడివని అడిగారు. రైల్వే బ్యాటరీల గదివని చెప్పాను. కనుబొమల పెద్దమనిషి నవ్వాడు. అత్తవారింటి నీళ్ళా, రైల్వేవాడు కుళాయి దగ్గర పట్టి డిస్టిల్డ్ అని ఇచ్చి ఉంటాడు, ఎవడు చూడొచ్చాడు, అన్నాడు. గది గదంతా నవ్వింది. అత్తవారిల్లన్న మాట నా నోటినుంచి రాలేదు, కాని ఆయనకు తెలుసు. అందరికీ తెలుసు. నిలబడ్డచోటే భూమి చీలితే బాగుండుననిపించింది.

ఇంటికి వచ్చేటప్పుడు సిల్వర్ నైట్రేటు చిన్న సీసా జేబులో వేసుకుని వచ్చాను. మామగారు అప్పుడే డ్యూటీనుంచి వచ్చి వరండాలో కూర్చున్నారు. నేను ఆయనతో కూడా మాట్లాడలేదు. నా భార్య వైపు తిరిగి, మీ నాన్నగారు నీళ్ళు ఏ కుళాయిలో పట్టారో కనుక్కో అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ గొంతు నాదేనా అని ఆమె నా ముఖం చూసింది.

మామగారు లేచి, లోపలున్న డబ్బా తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టారు. నా ముందే చూడండి బాబూ, అన్నారు. గ్లాసులోకి వంచుకుని చుక్క వేశాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఇంకో చుక్క వేశాను. మబ్బు కూడా కమ్మలేదు. అంత తేట నీళ్ళు మా కాలేజీలో కూడా లేవు. ఇక మిగిలింది పొద్దున్న నేను వదిలేసి వెళ్ళిన తొట్టి. దాంట్లోంచి తీసి చుక్క వేస్తే, సంచిలోంచి వచ్చే కాస్త క్లోరైడుకు పలచగా మబ్బు కమ్మాల్సింది పోయి, పాలు విరిగినట్టు విరిగింది. అంటే ఉప్పు పడింది ఈ ఇంట్లోనే, ఈ వరండాలోనే.

మామగారి ముఖం పాలిపోయింది. ఆయనకు నా పరీక్ష అర్థం కాలేదు. తెల్లబడిందంటే తన నీళ్ళలోనే ఏదో తప్పుందని అనుకున్నారు. రైల్వేలో అన్నేళ్ళ సర్వీసు ఉన్న మనిషి, నా తండ్రి ఈడు మనిషి, నా ముందు చేతులు జోడించబోయారు. డబ్బా సరిగా కడగలేదేమో, తప్పు నాదే అని మీ హెడ్డుగారికి వచ్చి చెబుతానన్నారు.

వంటింటి తలుపు తెరుచుకుంది. అత్తగారు బయటికి వచ్చారు. కొంగు తల మీదకు కూడా లాక్కోలేదు. తిన్నగా వచ్చి నాకూ ఆయనకూ మధ్య నిలబడ్డారు. నేను అనుకున్నదానికంటే చిన్నావిడ. ముఖం నిండా నా భార్య పోలికే.

"ఆయన నీళ్ళలో ఏటీ నేదు బాబూ. ఆ ఉప్పు నేనే ఏసాను."

ఇంతమంది కళ్ళు పడ్డాయని, తెల్లారితే పరీక్ష అని, ఆవిడకు గుబులు పట్టుకుందట. ముందురోజు దీపాలవేళ, నేను చొక్కా ఇస్త్రీకి గుఢియారీ వెళ్ళినప్పుడు, గుప్పెడు కల్లుప్పు తీసి సంచి చుట్టూ దిగదుడిచారు. దిష్టి తీసిన ఉప్పు నీళ్ళలో కరగాలి, ఆ నీళ్ళు గడప దాటాలి. తొట్టిలో నీళ్ళు ఎలాగూ పొద్దున్నే పారబోసేవే కదా అని అందులో వేశారు. సంచిని ముట్టుకోలేదు. మడి బట్ట కట్టుకుని మరీ చేశారు. లోపలిది వేరు, బయటిది వేరు అనుకున్నారు.

ఎవరైనా అలాగే అనుకుంటారు. కాగితం కణాలకు గోడ గాని ఉప్పుకు గోడ కాదు. లోపలి ఉప్పు బయటికి ఎలా వస్తుందో బయటి ఉప్పు లోపలికి అలాగే పోతుంది. పోయి కణాల చుట్టూ వ్యతిరేకావేశాన్ని దట్టంగా మూగేట్టు చేస్తుంది. అప్పుడు ఒకదాన్నొకటి నెట్టుకునే బలం దూరానికి అందదు. దగ్గరికొస్తాయి, అంటుకుంటాయి, మునుగుతాయి. ఇది నేను ప్రతి ఏడూ పాఠం చెప్పే విషయం. తొట్టికి రెండడుగుల దూరంలో రోజంతా వంట చేసుకునే మనిషికి మాత్రం చెప్పలేదు.

"ఆ నీళ్ళు ఎందుకు మారుస్తారో నాకెవరు సెప్పారు బాబూ," అన్నారు ఆవిడ. నిష్ఠూరంగా కాదు. నిజంగా ఎవరైనా చెప్పి తాను మరిచిపోయానేమోనని వెతుక్కుంటున్నట్టు అన్నారు.

పరవాలేదండి, అన్నాను. ఆవిడతో నేను నేరుగా అన్న మొదటి మాట అదే.  చెవులు వేడెక్కిపోయాయి. కాలేజీలో నవ్వినప్పుడు కూడా అంత సిగ్గనిపించలేదు.

మర్నాడు హెడ్డుగారి గదికి వెళ్ళేసరికి కనుబొమల పెద్దమనిషి అక్కడే ఉన్నాడు. ఆయన లేనప్పుడు చెప్పి వచ్చేయొచ్చు. కాని మాట పడ్డది మామగారు, అన్నది ఈయన. అందుకని ఇద్దరి ముందే చెప్పాను. నీళ్ళు మంచివే, దిష్టికి మా అత్తగారు ఉప్పు వేశారు, నేను ఉంటున్నది కూడా వాళ్ళింట్లోనే. హెడ్డుగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. పెద్దమనిషి బల్ల చరిచి నవ్వాడు. నవ్వు తగ్గాక హెడ్డుగారు, అయితే నీళ్ళలో లోపం లేదన్నమాట అన్నారు. నాకా మాట కావాలి, తీసుకుని వచ్చేశాను. పోస్టు రెండో ఆయనకు వచ్చింది. వారం తిరక్కుండా కాలేజీలో నా పేరు నమక్ మాస్టర్ అయింది. బ్లాక్‌బోర్డు మీద ఉప్పు డబ్బా బొమ్మ వేసి ఉండేది, తుడిచి పాఠం మొదలుపెట్టేవాణ్ణి.

వర్షాలు మొదలయ్యాక గాని నాకు అసలు సంగతి తెలియలేదు. మేం తిన్న తరవాత అత్తగారు విడిగా తింటారు కాబట్టి నేనెప్పుడూ చూడలేదు. నా భార్య ఒకరోజు చెప్పకుండా ఉండలేక చెప్పింది. నా పరీక్ష పోయిన సాయంత్రంనుంచి అమ్మ ఉప్పు మానేసిందట. నాకు ఉద్యోగం ఖాయమయ్యేదాకా చప్పిడి తిండే అని మొక్కుకుందట. అన్నం, పప్పు, చారు, అన్నీ చప్పిడివే. పచ్చడి అసలు వేసుకోదట.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఉద్యోగానికీ ఆవిడ చారుకీ సంబంధమేమిటని నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి అడిగాను. అత్తయ్యగారూ, ఇది మానెయ్యండి, నాకు తలెత్తుకోడానికి లేకుండా ఉంది, అన్నాను. ఆవిడ పొయ్యి వైపే చూస్తూ, మొక్కు మధ్యలో ఒగ్గేస్తే మీకే మంచిది కాదు బాబూ, అన్నారు.  అప్పట్నుంచి నా కంచంలో కూర రుచిగా ఉన్నప్పుడల్లా సిగ్గేసేది. గుఢియారీ ఇల్లు ఎవరో తీసేసుకున్నారని విన్నాను, బాధ కలగలేదు. పోస్టు కావాలి, ఆవిడ తినాలి, అంతే.

అందుకని అంతకుముందు చచ్చినా చెయ్యననుకున్న పని చేశాను. ఆ కనుబొమల పెద్దమనిషి ఇంటికి వెళ్ళి, అరుగు మీద ఆయన పూజ అయ్యేదాకా కూర్చుని, ఇంకో అవకాశం ఇప్పించమని అడిగాను. నమక్ మాస్టర్ వచ్చాడని లోపలికి కేకేశాడు. నవ్వనిచ్చాను. మరుసటి ఏడు ఇంకో పోస్టు పడింది.

ఈసారి వరండాలో సంచి వేలాడదీసినప్పుడు పొద్దునా సాయంత్రం నీళ్ళు మారుస్తూ నా భార్యకు అంతా విడమరిచి చెప్పాను. కణాలెందుకు అంటుకోవు, ఉప్పు పడితే ఏమవుతుంది, కాగితం ఏది ఆపుతుంది, ఏది ఆపదు. వంటింట్లోకి వినపడేటంత గట్టిగా చెప్పాను. అప్పుడప్పుడూ లోపల గరిటె చప్పుడు ఆగేది. ఒకసారి, మరి చక్కెర పడితేనో అని లోపల్నుంచి ఆవిడే అడిగారు. చక్కెరకు ఆవేశం ఉండదండి, ఏమీ కాదు, అన్నాను.

కాలేజీలో తీగలు తగిలించిన కాసేపటికి ఎర్రటి గీత కదిలింది. గడియారం ముల్లంత నిదానంగా ఒక వైపు దిగింది, రెండో వైపు ఎక్కింది. ఎవరూ నవ్వలేదు. ఉత్తర్వు నా చేతికొచ్చిన రోజు మామగారు నీళ్ళ డబ్బా పక్కన పెట్టి స్వీట్లు తెచ్చారు. అత్తగారికి కూడా మాతోపాటే కంచం పెట్టమని పట్టుబట్టాను. ఒప్పుకోలేదు, మేం తింటుండగా గుమ్మం లోపల కూర్చుని తినడానికి మాత్రం ఒప్పుకున్నారు. నా భార్య ఉప్పు వేసిన చారు తల్లి అన్నంలో పోసింది. ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. బలవంతాన మింగారు.

"ఉప్పు కటికగా ఉందే," అన్నారు.

నా భార్య రుచి చూసింది. రోజూ ఉండేట్టే ఉంది. మామగారూ అదే మాట అన్నారు. ఇంకో ముద్ద తిని చూడమన్నారు. ఆవిడ ప్రయత్నించి, తల అడ్డంగా ఊపి, నా వైపు చూసి నవ్వారు.

"నాలిక మర్సిపోనాది బాబూ. పోన్లెండి, నాకు ఇదే బాగుంది."

గిన్నెలో తనకోసం విడిగా కాచుకున్న చారు పోసుకున్నారు. నేను తల వంచుకుని నా కంచంలోది తిన్నాను. ఆ తరవాత మేం వేరే ఇల్లు తీసుకున్నాం, నాకు జీతం పెరిగింది, పిల్లలు పుట్టారు. ఆవిడ బతికినన్నాళ్ళూ చప్పిడే తిన్నారు.